వేలు మనది, తక్కెడ ఎవరిది?

చిట్యాల కాడ పట్నం బస్సెక్కి పనికి పోయే మనోళ్లకు ఇప్పుడు కొత్త పరీక్ష ఒకటి వచ్చింది. అది చదువు పరీక్ష కాదు, వేలి పరీక్ష. గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి, కోకాపేట, మణికొండ దిక్కు లేచిన గేటెడ్ కమ్యూనిటీల్లో అంట్లు తోమడానికి, ఇల్లు తుడవడానికి, పిల్లల్ని చూడడానికి, కార్లు కడగడానికి పోయే మనిషి మొదలు గేటు కాడ ఆగాలె. కొన్ని గేట్ల కాడ కార్డు చూపిస్తే చాలు. కొన్ని కాడ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పాలె. కొన్ని కాడ మిషన్ మీద వేలు పెట్టాలె, లేదంటే కెమెరాకు మొఖం చూపించాలె. మిషన్ ఒప్పుకుంటే లోపలికి, ఒప్పుకోకుంటే ఎండలో. నడక మాత్రం రోజురోజుకు వేలు దిక్కే, మొఖం దిక్కే ఉన్నది.

ఇది పట్నం ముచ్చట, మనకెందుకని అనుకోవద్దు. విజయవాడ రోడ్డు పొంటి చౌటుప్పల్ దాకా, చిట్యాల దాకా వెంచర్లు పాకినయి. నిన్నటిదాకా మనం కైకిలు చేసిన చెల్కల చుట్టూ ప్రహరీ లేస్తున్నది. ఇయ్యాల గచ్చిబౌలి గేటు కాడ ఏ పద్ధతి నడిస్తే రేపు మన ఊరి పక్క గేటు కాడ అదే నడుస్తది.

ఈ మిషన్ల గురించి చదువుకున్నోళ్లు మాట్లాడేటప్పుడు ఒక మాట అంటుంటరు: భద్రతకూ గోప్యతకూ సమతూకం ఉండాలె అని. మాట మంచిదే. కానీ తక్కెడ ఎవరి చేతిలో ఉన్నది? ఒక తట్టలో పెట్టేది ఫ్లాటు యజమాని భద్రత. రెండో తట్టలో పెట్టేది ఎవరి గోప్యత? పనిమనిషిది, డ్రైవరుది, డెలివరీ పిల్లగానిది, వాచ్‌మన్‌ది. లాభం ఒకరికి, ధర ఇంకొకరికి. ఆ ధర ఎంతో నిర్ణయించే సంఘం మీటింగుల ధర కట్టేవాళ్లకు కుర్చీ కూడ లేదు. ఇది సమతూకం కాదు. దొర కొలిచిన గింజల లెక్క.

గోప్యత అంటే ఏందని అడిగేవాళ్లుంటరు. మన మాటలో గుట్టు. దొంగతనంగా దాచుకునేది కాదు. నా ఒళ్లు, నా ఇల్లు, నా రాకపోకలు, వీటి లెక్క నా చేతిలో ఉండడం. కోట్లు పెట్టి ఫ్లాటు కొన్నవాడు ప్రహరీ కట్టుకునేది తన గుట్టు కోసమే. ఆయనకు గుట్టు కావాలె గనుక మన గుట్టు విప్పాలె అంటున్నడు. తగాదా అంతా ఇక్కడున్నది.

నిశాని వెనక కథ

వేలిముద్ర మనకు కొత్త కాదు. మన తాతలు షావుకారి నోటు మీద నిశాని వేసిండ్రు. ఏం రాసిందో తెల్వదు, ఎంత రాసిందో తెల్వదు. వేలు మాత్రం వాళ్లదే. నోటు నిండితే భూమి పోయింది.

దీన్ని సర్కారు పని కింద మొదలుపెట్టింది కూడ మన దేశం మీదనే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి, రోడ్డు పనికి సామాను తెచ్చే రాజ్యధర్ కోనాయ్ అనే మనిషి దగ్గర ఒప్పంద కాగితం మీద అరచేయి ముద్ర తీసుకున్నడు. ఎందుకు? రేపు ఇది నా సంతకం కాదని మాట తప్పకుండ భయపెట్టడానికి. తర్వాత 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టిండ్రు. ముద్రలను లెక్క ప్రకారం వరుసలు కట్టే విద్య తయారుచేసిన పనిలో అజీజుల్ హక్, హేమ్ చంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల చెమట ఉన్నది. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. చాకిరి ఒకరిది, పేరు ఒకరిది అనే నీతి ఈ విద్య పుట్టుకలోనే ఉన్నది.

ఆ విద్య ఎవరి మీద వాడిండ్రు? 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చిండ్రు. 1911లో దాన్ని మార్చి రాసి బ్రిటిష్ ఇండియా అంతటా పరిచిండ్రు. అందులో పేరెక్కిన కులపోళ్ల వేలిముద్రలు తీసే అధికారం అధికారులకు ఇచ్చిండ్రు. మన తెలుగు నేల మీద ఎరుకలోళ్లను తీసుకుపోయి స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టిండ్రు. ఊరు దాటితే చీటీ, పొద్దూకితే హాజరు. వాళ్లు ఏం చేసిండ్రని కాదు, ఎవరికి పుట్టిండ్రని. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయింది గాని, ఫలానా వాడకట్టు మనిషైతే ముందు అనుమానించు, తర్వాత లోపలికి రానీ అనే బుద్ధి పోలేదు.

దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో 1907లో చట్టం తెచ్చి అక్కడి భారతీయులు పేర్లు నమోదు చేసుకోవాలె, వేలిముద్రలు ఇవ్వాలె అన్నరు. అవమానమని ఉద్యమం లేచింది. గాంధీ నాయకత్వంలో 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గ్‌లో రిజిస్ట్రేషన్ కాగితాలు కుప్పపోసి కాల్చిండ్రు. అక్కడ తగాదా ముద్ర మీద కన్నా బలవంతం మీద. తెల్లోడు బలవంతంగా ముద్ర అడిగితే భారతీయునికి అవమానం. మరి భారతీయుడే తన ఇంట్లో చాకిరి చేసే మనిషిని అడిగితే అది టెక్నాలజీ ఎట్లయితది?

ఇంకో ముచ్చట. 1990లలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు వాడకట్టుల్లో రాత్రి బడులు పెట్టుకున్నం. పొద్దంతా నాట్లు వేసిన ఆడోళ్లు లాంతరు ముందర కూసోని పేరు రాయడం నేర్చుకున్నరు. నిశాని నుంచి సంతకానికి రావడం చిన్న నడక కాదు. నేను పేరున్న మనిషిని, నా మాటకు నా చేతి రాతే సాక్ష్యం అని చెప్పుకోవడం అది. ఆ మనిషిని ఇప్పుడు మళ్ల సంతకం నుంచి నిశానికి తోలుతున్నరు. పేరు అడుగుతలేరు, మాట నమ్ముతలేరు. వేలు తే అంటున్నరు.

గడి పోయింది, గేటు వచ్చింది

మన నల్లగొండ జిల్లాకు గడి అంటే చెప్పాల్సిన పని లేదు. గడి ముందర నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకున్న తరం మనది. ఎవరు లోపలికి రావాలె, ఏ దర్వాజ నుంచి రావాలె, ఎంతసేపు నిలబడాలె అన్నీ దొర ఇష్టం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండుకు ఒరిగిన తర్వాతనే ఆ దర్వాజలు వణకడం మొదలైంది.

గేటెడ్ కమ్యూనిటీ గడి కాదు, నిజమే. అక్కడ జీతం ఇస్తరు, వెట్టి కాదు. అయినా ఆ గేటు కాడ రెండు రకాల మనుషులు ఎట్ల తయారైతున్నరో చూడుండ్రి. యజమాని కారు వస్తే అద్దం మీది స్టిక్కరు చూసి కడ్డీ దానంతట అదే లేస్తది. పనిమనిషి వస్తే సంచి తెరవాలె, వేలు పెట్టాలె. చాలా చోట్ల లిఫ్టులు కూడ రెండు. ఒకటి ఉండేవాళ్లది, ఇంకోటి పనోళ్లది, డెలివరీ పిల్లలది, సామానుది. ఊరి హోటల్ల రెండు గ్లాసుల పద్ధతిని మనం కొట్లాడి బద్దలు కొట్టినం. అదే పద్ధతి పట్నంల పదిహేనో అంతస్తుకు లిఫ్టెక్కిపోయింది. అక్కడ కులం పేరు ఎవరూ తియ్యరు. తియ్యాల్సిన అవసరం లేదు. తోమేది, ఊడ్చేది, మోసేది ఎవరో అందరికీ తెలుసు.

గడిలో లెక్కలు దస్తరంలో ఉండేవి. ఇప్పుడు ఫోనులో ఉన్నయి. 2016లో బెంగళూరులో మొదలైన మైగేట్, దాని లెక్కనే వచ్చిన నోబ్రోకర్‌హుడ్ లాంటి యాప్‌లు ఇప్పుడు పెద్ద నగరాల గేట్ల మీద నడుస్తున్నయి. పనిమనిషి గేటు దాటంగనే యజమాని ఫోను మోగుతది. ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు అన్నది నమోదైతది. ఆమె పని ఎట్లున్నదో యజమానులు మార్కులు వెయ్యొచ్చు, ఆ మార్కులు కాలనీలోని మిగతా ఇండ్లోళ్లు చూడొచ్చు. మరి జీతం సగం పట్టుకున్న ఇంటికి, చెయ్యి చేసుకున్న ఇంటికి ఆమె మార్కులు వేసే జాగ ఏది? లెక్క ఒక దిక్కే నడుస్తది. చూసేవాళ్లు వాళ్లు, కనపడేది మనం.

ఇది ఎక్కడిదాకా పోతదో 2017 జూలైలో ఢిల్లీ పక్కన నోయిడాలో చూసినం. మహాగున్ మోడర్న్ అనే అపార్టుమెంట్ల సముదాయంలో పనిచేసే ఒకామెను దొంగతనం అన్నరు. ఆమె రాత్రి ఇంటికి రాలేదని తెల్లారి బస్తీ జనం గేటు మీదికి పోయిండ్రు. రాళ్లు పడ్డయి. బస్తీవాళ్లు అరెస్టయిండ్రు. ఆ గొడవతో ఏ సంబంధం లేని పనోళ్లను కూడ చాలామందిని పనికి రానియ్యలేదు. ఒక మనిషి మీద అనుమానం వస్తే బస్తీ మొత్తానికి గేటు మూసిండ్రు. అప్పుడు నోటితో రావద్దన్నరు. మిషన్ ఉంటే ఆ మాట కూడ అక్కరలేదు. ఒక్క మీట నొక్కితే నీ వేలు చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పేవాడు ఉండడు.

అరిగిన వేలు, పోయిన వేలు

మిషన్ తప్పు చెయ్యదని ఒక నమ్మకం ఉన్నది. రేషన్ షాపు కాడ నిలబడ్డ ముసలమ్మను అడిగితే ఆ నమ్మకం ఎంతదో తెలుస్తది. నాట్లు వేసి, రాయి కొట్టి, సిమెంటు కలిపి, సబ్బు పొడితో అంట్లు తోమి గీతలు అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. తెలంగాణ రేషన్ షాపుల్లో వేలు పడనోళ్లకు కంటిపాప చూసే మిషన్లు తెచ్చింది అందుకే. కంప్యూటర్ మీద కూసునే వేలు మెత్తగ ఉంటది, వెంటనే పడతది. చాకిరి చేసే వేలే పడదు. అంటే ఎవరిని ఎక్కువ అనుమానించి మిషన్ పెట్టిండ్రో వాళ్లనే మిషన్ ఎక్కువగ తప్పు పడతది.

మొఖం మిషన్లది ఇంకో కథ. అమెరికాలో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి మహిళలు 2018లో పరిశోధన చేసిండ్రు. మొఖం చూసి ఆడా మగా చెప్పే పెద్ద కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించిండ్రు. తెల్లతోలు మగవాళ్ల విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడ దాటలేదు. నల్లతోలు ఆడవాళ్ల విషయంలో ఒక ప్రోగ్రాము నూటికి దాదాపు 35 తప్పులు చేసింది. మిషన్‌కు కులం తెల్వదు, రంగు తెల్వదు అనేవాళ్లు ఈ లెక్క చూడాలె. మిషన్‌కు చదువు చెప్పింది మనుషులే.

ఇగ పోయిన వేలి సంగతి. తాళంచెవి పోతే తాళం మారుస్తం. కార్డు పోతే కొత్త కార్డు తీసుకుంటం. వేలిముద్ర దొంగల పాలైతే కొత్త వేలు ఎక్కడ తెస్తం? 2019 ఆగస్టులో బయోస్టార్-2 అనే వ్యవస్థ గుట్టు బయటపడ్డది. అది సరిగ్గా ఇట్లాంటి తలుపుల కాడ వేలు, మొఖం చూసి లోపలికి పంపే వ్యవస్థే. పది లక్షలకు పైగా మనుషుల వేలిముద్రలు ఇంటర్నెట్‌లో కాపలా లేకుండ పడి ఉన్నయని పరిశోధకులు కనిపెట్టిండ్రు. భద్రత కోసం పెట్టిన మిషనే భద్రత లేని సందుక అయ్యింది.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే జరిగింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నరు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూముల కాగితాల మీది వేలిముద్రలు దించి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్లు తయారుచేసి, వాటితో వేల సిమ్ కార్డులు చలామణి చేసిండన్నది కేసు. సర్కారు దస్తరంలో ఉన్న ముద్రకే దిక్కు లేకపోతే, ఏ ఏజెన్సీ తెచ్చి పెట్టిందో తెల్వని గేటు మిషన్‌లోని ముద్రకు ఎవరు పూచీ?

చట్టం ఏమంటున్నది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని ఒక్క మాట మీద తీర్పు ఇచ్చింది. పేదోళ్లకు కావలసింది తిండి, గోప్యత ఉన్నోళ్ల ముచ్చట అన్న వాదనను ఆ తీర్పు ఒప్పుకోలేదు. ఈ సంగతి మన సంఘాలన్నీ గుర్తుపెట్టుకోవాలె. హక్కును తగ్గించాలంటే దానికి చట్టం ఉండాలె, సరైన అవసరం ఉండాలె, అవసరానికి మించి తగ్గించకూడదు అని కూడ చెప్పింది. సర్కారుకు పెట్టిన ఈ కొలతను గేటుకు పెట్టి చూడండి. కార్డు చూసి గుర్తుపట్టే పనికి వేలు ఎందుకు? సూదితో అయ్యే పనికి గడ్డపార ఎందుకు?

2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో, ప్రైవేటు వాళ్లు ఒప్పందం పేరు మీద ఆధార్ వాడుకునే వీలు ఇచ్చిన సెక్షన్ 57 భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019 సవరణతో ఇష్టపూర్వకం అనే పేరు మీద మళ్ల కొంత తలుపు తెరిచిండ్రు. అయినా గేటు కాడ ఆధార్ తప్ప వేరేది చెల్లదనే హక్కు ఏ కాలనీ సంఘానికీ లేదు.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చినయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చిండ్రు. ఈ చట్టం ప్రకారం ఒప్పుదల స్వేచ్ఛగా ఉండాలె, దేనికో తెలిసి ఇయ్యాలె. నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలె. ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు, సమాచారం తుడిపెయ్యమని అడగొచ్చు. వేలు పెట్టకుంటే రేపటి నుంచి పనికి రావద్దంటే ఆ వేలు స్వేచ్ఛగా పెట్టినట్టా? ఆకలితో ఉన్నోని ఒప్పుదల ఒప్పుదల కాదు.

ఈ చట్టంలో ఒక సందు ఉన్నది. ఉద్యోగం అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడటానికి ఒప్పుదల లేకుండ సమాచారం వాడుకోవచ్చని ఏడో సెక్షన్ అంటది. దాన్ని మన మీదికి తెస్తరు. మన జవాబు తయారుగ ఉండాలె: పనిమనిషికి జీతం ఇచ్చేది ఫ్లాటు. గేటు కాడి సంఘం ఆమె యజమాని కాదు. యజమాని కానోనికి యజమాని హక్కు ఎట్ల వస్తది?

వేరే దేశంలో పనోళ్లు ఏం సాధించిండ్రో చూడండి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే చట్టం చేసింది. రాసిచ్చిన ఒప్పుదల లేకుండ వేలిముద్ర తీస్తే ఆ మనిషే కోర్టుకు పోయి పరిహారం అడగొచ్చు. వైట్ కాజిల్ అనే హోటళ్ల కంపెనీలో పనిచేసే ఒక మహిళ కేసులో, ఒప్పుదల లేకుండ వేలు పెట్టించుకున్న ప్రతిసారీ ఒక్కో ఉల్లంఘన అని 2023లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీలు గగ్గోలు పెడితే 2024లో చట్టం సవరించి మనిషికి ఒక్క పరిహారమే అని కుదించిండ్రు. అయినా పనిచేసే మనిషి తన వేలికి ధర అడగొచ్చన్న మాట నిలబడ్డది. మన హైదరాబాదులో పోలీసులు మొఖాలు ఫోటో తీసే పద్ధతిని ప్రశ్నిస్తూ ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త హైకోర్టుకు పోయిండు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అడిగేవాడు ఉంటేనే ప్రశ్న పుడతది.

మరి దొంగతనాలు జరగవా?

జరుగుతయి. వాళ్లకు భయం ఉండదని మనం అనం. ముసలి తల్లిదండ్రులను ఇంట్ల విడిచి ఆఫీసుకు పోయేవాళ్లకు, ఒంటరి ఆడోళ్లకు భద్రత కావాలె. భద్రత మనకూ కావాలె. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు కాడ బాంబులు పేలినప్పుడు పోయింది బస్సుల కోసం నిలబడ్డ మామూలు జనం. గేటు లేనోళ్లకే ఎక్కువ భయం. అంట్లు తోమే ఇంట్లో ఒంటరిగ పనిచేసే ఆడపిల్లకు భద్రత వద్దా? ఆమె లోపలికి పోయిన లెక్క యజమాని ఫోనులో ఉన్నది. ఆమెకు లోపల ఏమన్న జరిగితే మొరపెట్టుకునే మీట ఏది?

కాబట్టి మన మాట గేటు కూలగొట్టమని కాదు. ఎవరు వచ్చిండ్రో తెలుసుకోవడానికి ఫోటో ఉన్న కార్డు చాలు, రిజిస్టరు చాలు, మనిషిని పేరు పెట్టి పలకరించే వాచ్‌మన్ చాలు. వేలు అడిగేది గుర్తుపట్టడానికి కాదు, గుప్పిట్ల పెట్టుకోవడానికి.

ఇండ్లల్లో పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. భారత దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్లకు ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించేందుకు కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఆ చట్టం వచ్చేనాటికి మన డిమాండ్లు కాగితం మీద ఉండాలె. అవి ఇవి:

1. వేలు, మొఖం బలవంతం లేదు. కార్డు అడిగిన మనిషికి కార్డు ఇయ్యాలె. అడిగినందుకు పని తియ్యొద్దు.

2. గేటు ఒకటే అయినప్పుడు నియమం ఒకటే ఉండాలె. యజమాని వేలు పెట్టని కాడ పనిమనిషి కూడ పెట్టదు. లిఫ్టు అందరిది.

3. ఏం తీసుకుంటున్నరు, ఎక్కడ పెడుతున్నరు, ఎన్నాళ్లు ఉంచుతరు అన్నది తెలుగులో చదివి వినిపించాలె. పని మానిన నాడే ముద్ర తుడిపేసి, తుడిపినట్టు రాసియ్యాలె.

4. హాజరు లెక్క పనిమనిషికి కూడ కనపడాలె. జీతం కోసినప్పుడు ఆ లెక్కే ఆమెకు సాక్ష్యం.

5. మార్కులు వేసే పద్ధతి పోవాలె. గేటు మూసే ముందు కారణం చెప్పాలె, మనిషి మాట వినాలె.

6. మిషన్ పట్టకుంటే ఆలస్యం మిషన్‌ది. జీతం కొయ్యొద్దు.

సంఘాల బాధ్యులు చెయ్యాల్సిన పని ఉన్నది. మీ ఊరి నుంచి, మీ వాడకట్టు నుంచి ఏ కాలనీకి ఎవరు పోతున్నరు, అక్కడ కార్డా, వేలా, మొఖమా అని లెక్క రాయండి. ఒక కాలనీలో పనిచేసేవాళ్లను ఒక్క కాడికి చేర్చండి. ఒక్కరు పోయి అడిగితే పని పోతది, యాభై మంది పోయి అడిగితే మీటింగు పెడతరు. ఆధార్ జిరాక్సు ఇయ్యాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యండి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే వీలు ఉన్నది, ఊర్ల చదువుకున్న పిల్లలతో వేయించుకోండి. కానీ అది గేటు మిషన్‌లో పడ్డ ముద్రను ఆపదు. దాన్ని ఆపేది మన సంఘమే.

1927 మార్చి 20న మహాద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకోని చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీరక కాదు. మనిషికి మనిషి సమానమని చూపడానికి. గేటు కాడ కూడ మనం అడిగేది అదే. పనికి వచ్చిన మనిషిని మనిషి లెక్క లోపలికి రానియ్యండి. మా పేరు అడగండి, చెప్తం. మా వేలు మాత్రం మాది.